ట్రైనింగ్‌లు ఆడవాళ్లకి ఇస్తున్నారు, మారాల్సింది మాత్రం పని పంచే పద్ధతి

ఆఫీసుల్లో ఆడవాళ్ల ఎంపవర్‌మెంట్ అనగానే ముందు పెట్టేది ఒక సెషన్. ధైర్యంగా మాట్లాడండి, మీటింగ్‌లో వెనక కాకుండా టేబుల్ దగ్గర కూర్చోండి, హైక్ గట్టిగా అడగండి, మొహమాటం వదలండి, ఇలా ఓ గంట చెప్తారు, చప్పట్లు కొడతాం, గ్రూప్ ఫొటో దిగుతాం, మర్నాడు మళ్లీ అదే సీటు అదే పని. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు, అందులో నాకే అనుమానమూ లేదు. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసినంతవరకు మా దగ్గర ధైర్యానికి ఎప్పుడూ కరువు లేదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఒక్కతే కూర్చుని, అరిచే క్లయింట్‌ని ఫోన్‌లో ఓర్చుకుంటూ తెల్లారేసరికి మళ్లీ లేపి నిలబెట్టిన అమ్మాయికి కాన్ఫిడెన్స్ క్లాస్ దేనికండీ? ఆ పని ఎవరు చేశారన్నది అప్రైజల్‌లో పడితే చాలు ఆమెకి. ఆఫీసులో పని ఎవరికి ఎలా పంచుతున్నారు, దాని పేరు ఎవరికి పోతోంది, జీతం ఎలా కడుతున్నారు అన్నవి అలాగే ఉంచేసి ఆడవాళ్లని మాత్రం మార్చాలని చూస్తే ఏమీ కదలదు, ఇది నా గట్టి అభిప్రాయం.

ముందు పేరు రాని పనుల సంగతి చెప్తా. ప్రతి ఆఫీసులో ఉంటాయి ఇవి. మీటింగ్ మినిట్స్ రాయడం, కొత్తగా చేరినవాళ్లకి లాగిన్లు ఇప్పించి వెంట ఉండి అన్నీ నేర్పించడం, వెళ్లిపోయేవాళ్లకి ఫేర్‌వెల్ కార్డు మీద అందరి చేత సంతకాలు పెట్టించడం, ఆడిట్ వస్తోందంటే పాత ఫైళ్లన్నీ సర్దడం, టీంలో ఇద్దరికి పడకపోతే మధ్యలో కూర్చుని సర్దిచెప్పడం. ఇవి లేకపోతే ఆఫీసు నడవదు, కానీ అప్రైజల్ ఫారంలో వీటికి గడి ఉండదు. రోజంతా ఊపిరాడని పని ఉంటుంది, తీరా ఏడాది చివర్లో "ఈ సంవత్సరం నువ్వు ఏం డెలివర్ చేశావు" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

దీని మీద లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్‌లండ్, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు కలిసి 2017లో ఒక రీసెర్చ్ పేపర్ వేశారు, నాకు చాలా ఇష్టమైన పేపర్ అది. ముగ్గురేసి మనుషుల్ని గ్రూపులుగా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు, 2 నిమిషాల టైం, ఈలోపు ముగ్గురిలో ఎవరో ఒకరు బటన్ నొక్కాలి, నొక్కినవాళ్లకి మిగతా ఇద్దరికన్నా తక్కువ డబ్బు వస్తుంది, ఎవరూ నొక్కకపోతే అందరికీ నష్టం. అంటే అచ్చం మన మినిట్స్ రాసే పని లాంటిదే, ఎవరో ఒకరు చేయాలి కానీ చేసినవాళ్లకే చేటు. ఆడా మగా కలిసి ఉన్న గ్రూపుల్లో ఆడవాళ్లు మగవాళ్లకన్నా 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చి నొక్కారు. సరే ఆడవాళ్ల స్వభావమే అంత, సాయం చేసే గుణం అనుకుంటాం కదా, అక్కడే ఆగకుండా వాళ్లు అందరూ మగవాళ్లే ఉన్న గ్రూపులు, అందరూ ఆడవాళ్లే ఉన్న గ్రూపులు కూడా పెట్టి చూశారు. అప్పుడు తేడా పోయింది! మగవాళ్లు మాత్రమే ఉంటే మగవాళ్లే చక్కగా నొక్కారు. కాబట్టి ఇది స్వభావం కాదు, గదిలో ఒక ఆడమనిషి ఉంటే ఆమె చేస్తుందిలే అని అందరూ అనుకోవడం, ఆమె కూడా అదే అనుకోవడం. ఆ తర్వాత ఒక మేనేజర్‌ని పెట్టి, నువ్వే ఒకరిని అడుగు అంటే, ఆ మేనేజర్ మగైనా ఆడైనా సరే, ఆడవాళ్లనే 44 శాతం ఎక్కువగా అడిగారు. అడిగితే ఒప్పుకున్నది ఆడవాళ్లు 76 శాతం, మగవాళ్లు 51 శాతం.

ఇది చదివాక ఆడవాళ్లు "నో" చెప్పడం నేర్చుకోవాలి అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒకామె నో అంటే ఆ పని పక్కనున్న ఇంకో ఆమెకి పోతుంది అంతే, పైగా నో అన్నామెకి "టీం ప్లేయర్ కాదు" అన్న ముద్ర. ఎవరు ముందుకొస్తారు అని అడగడమే మానేయాలి. వంతులు పెట్టాలి. మా టీంలో ఇప్పుడు ఒక షీట్ ఉంది, మినిట్స్, కొత్తవాళ్ల ఇండక్షన్, ఆడిట్ ఫైళ్లు, ఫేర్‌వెల్, అన్నిటికీ ఒక్కో కాలమ్, పేర్లు అక్షరక్రమంలో వంతులవారీగా తిరుగుతాయి, లీడ్‌లకి కూడా మినహాయింపు లేదు, లీవ్‌లో ఉంటే వంతు పోదు, తర్వాతివాళ్లతో మార్చుకోవాలి. మొదట్లో "నాకు మినిట్స్ రాయడం రాదు, ఆవిడైతే బాగా రాస్తారు" అన్నవాళ్లున్నారు, రాస్తూ ఉంటే అదే వచ్చింది. ఇంకో మంచి కూడా జరిగింది, సీనియర్లు రాయడం మొదలుపెట్టాక మినిట్స్ చిన్నవయ్యాయి, మీటింగ్‌లు కూడా తగ్గాయి, ఎందుకంటే తను రాయాల్సి వస్తే గానీ ఎవరికీ అర్థం కాలేదు ఎంత అనవసరంగా మాట్లాడుతున్నామో.

కనపడని పని కనపడాలంటే ఒక రోజు ఆపేయాలి అని ఐస్‌లాండ్ ఆడవాళ్లు 1975లోనే నిర్ణయించుకున్నారు. ఆ ఏడు అక్టోబర్ 24న ఆ దేశంలో దాదాపు 90 శాతం మంది ఆడవాళ్లు ఆఫీసు పనీ చేయలేదు, ఇంటి పనీ చేయలేదు. స్కూళ్లు, ఫ్యాక్టరీలు, దుకాణాలు చాలావరకు నడవలేదు, మగవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఉద్యోగాలకి వెళ్లారు. మరుసటి ఏడే సమాన హక్కుల చట్టం వచ్చింది, 1980లో విగ్డిస్ ఫిన్‌బోగాడోటిర్ ఆ దేశానికి ప్రెసిడెంట్ అయ్యారు, ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న మొదటి మహిళా ప్రెసిడెంట్ ప్రపంచంలోనే ఆవిడ.

ఇక పేరు సంగతి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట జరిగింది ఇది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందు మీటింగ్, ఒక జూనియర్ అమ్మాయి అంది, "సార్, రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ ఇంకా టెస్ట్ చేయలేదు, శుక్రవారం రిలీజ్ చేయొద్దు, ఏమైనా అయితే వెనక్కి రాలేం." రోల్‌బ్యాక్ అంటే కొత్త వెర్షన్ తేడా చేస్తే మళ్లీ పాతదానికి తిప్పడం. ఎవరూ ఏమీ అనలేదు, తర్వాతి పాయింట్‌కి వెళ్లిపోయారు. కాసేపటికి ఒక సీనియర్ కుర్చీలో వెనక్కి వాలి, "రోల్‌బ్యాక్ టెస్ట్ అవ్వకుండా శుక్రవారం రిస్క్ కదా" అన్నాడు, అంతే, మేనేజర్ వెంటనే "మంచి పాయింట్, నోట్ చేసుకోండి" అన్నాడు. ఆ నోట్ చేసుకునే పని ఎవరిదనుకున్నారు, ఆ అమ్మాయిదే. నేను పక్కనే కూర్చున్నా, ఆమె స్క్రీన్ నాకు కనపడుతోంది. "రోల్‌బ్యాక్ టెస్ట్" అని టైప్ చేసింది, ఎదురుగా "సూచించినవారు" అన్న గడిలో కర్సర్ కాసేపు ఆగింది, తర్వాత ఆ సీనియర్ పేరు కొట్టింది. తన మాటకి వేరేవాళ్ల పేరు తన చేతులతోనే రాసుకుంది. నేను చెయ్యి ఎత్తి "ఈ మాట ఇందాకే తను చెప్పింది, టెస్ట్ ప్లాన్ కూడా తనే చేస్తే బాగుంటుంది" అన్నాను, మేనేజర్ సరే అన్నాడు, గడిలో పేరు మారింది, పని కూడా ఆమెకే వచ్చింది. ఇంతా చేస్తే ఒక్క వాక్యం.

ఈ ఒక్క వాక్యాన్నే పద్ధతిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒబామా ప్రెసిడెంట్‌గా ఉన్న మొదటి రోజుల్లో వైట్‌హౌస్ పెద్ద స్టాఫ్‌లో మూడింట రెండొంతులు మగవాళ్లే. అక్కడి ఆడవాళ్లు తమలో తాము ఒక మాట అనుకున్నారు, మనలో ఎవరు ముఖ్యమైన విషయం చెప్పినా ఇంకొకరు ఆమె పేరు పెట్టి మరీ ఆ మాట మళ్లీ చెప్పాలి అని. రోజూ అలాగే చేశారు. ఒబామా కూడా గమనించి ఆడవాళ్లని, జూనియర్లని ఎక్కువగా అడగడం మొదలుపెట్టారని అక్కడ పనిచేసినవాళ్లు 2016లో పత్రికవాళ్లకి చెప్పారు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు, ఆడవాళ్లే చేయాలని కూడా లేదు, పక్క సీట్లో ఉన్న మగ కొలీగ్ చేస్తే ఇంకా తేలిగ్గా పని అవుతుంది.

జీతం గురించి మాట్లాడితే నేను లిల్లీ లెడ్‌బెటర్ పేరు ఎత్తకుండా ఉండలేను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఒక టైర్ల ఫ్యాక్టరీలో 19 ఏళ్లు పనిచేసింది, ఏరియా మేనేజర్‌గా. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక ఎవరో పేరు రాయకుండా ఒక చీటీ పెట్టారు ఆమె కోసం, అందులో ఆమె జీతం, అదే పని చేసే ముగ్గురు మగవాళ్ల జీతాలు. ఆమెది నెలకి 3,727 డాలర్లు, అదే హోదాలో ఉన్న మగవాళ్లలో అందరికన్నా తక్కువ తీసుకునే అతనిదే 4,286, అందరికన్నా ఎక్కువ 5,236. కేసు వేసింది, కింది కోర్టులో గెలిచింది, 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఓడించింది, కారణం ఏంటంటే అన్యాయం మొదలైన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాల్సింది అని. జీతాలు ఎవరికీ చెప్పకూడదనే చోట తనకి తెలియని అన్యాయం మీద 180 రోజుల్లో ఎలా ఫిర్యాదు చేస్తుంది! జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ సరిగ్గా ఇదే పట్టుకుని బెంచి మీద నుంచి తన భిన్నాభిప్రాయాన్ని చదివి వినిపించారు, చట్టం మార్చండి అన్నారు, 2009 జనవరి 29న లెడ్‌బెటర్ పేరుతోనే చట్టం వచ్చింది, ప్రతి తక్కువ జీతం చెల్లింపూ కొత్త అన్యాయం కిందే లెక్క అని. లెడ్‌బెటర్‌కి మాత్రం పోయిన జీతంలో ఒక్క డాలర్ కూడా తిరిగి రాలేదు. అయినా చివరిదాకా మిగతావాళ్ల కోసం తిరిగింది ఆవిడ.

అందుకే హైక్ గట్టిగా అడగండి అన్న సలహా నాకు సగమే అనిపిస్తుంది. ఎంతకి అడగాలో తెలియనప్పుడు ఎంత గట్టిగా అడిగితే ఏం లాభం? ఐస్‌లాండ్‌లో 2018లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది, 25 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కంపెనీ సమాన పనికి సమాన జీతం ఇస్తున్నామని తనే నిరూపించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలని, అంటే భారం ఉద్యోగి నెత్తిన కాకుండా కంపెనీ మీద పడింది. యూరోపియన్ యూనియన్ కూడా 2023లో ఒక డైరెక్టివ్ తెచ్చింది, సభ్యదేశాలు 2026 జూన్‌కల్లా అమల్లో పెట్టాలి. ఉద్యోగానికి పిలిచేటప్పుడే జీతం రేంజ్ చెప్పాలి, పాత జీతం ఎంత అని అడగకూడదు. ఈ రెండోది చాలా పెద్ద విషయం. మొదటి ఉద్యోగంలో తక్కువకి చేరిన అమ్మాయికి ప్రతి కొత్త కంపెనీలో ఆ పాత జీతం మీద ఇంత శాతం అని లెక్క కడుతుంటే ఆ మొదటి తేడా జన్మంతా వెంటే వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కుముడి, టైం. క్లాడియా గోల్డిన్‌కి 2023లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది, ఇంకెవరితోనూ పంచుకోకుండా ఆ ప్రైజ్ అందుకున్న మొదటి మహిళ. ఆవిడ ఇంకో ఇద్దరితో కలిసి ఒక పెద్ద బిజినెస్ స్కూల్లో ఎంబీఏ చేసినవాళ్ల జీతాలు ఏళ్ల తరబడి ఎలా మారాయో చూసింది. చేరినప్పుడు ఆడా మగా జీతాలు దాదాపు దగ్గరదగ్గరే. పదేళ్లు దాటేసరికి చాలా దూరం. మధ్యలో వచ్చింది పిల్లలు. పిల్లలు పుట్టాక తల్లి తక్కువ గంటలు తీసుకుంటుంది, లేదా కొన్నాళ్లు ఆగుతుంది, ఆ కొద్దిపాటి ఆగడానికే భారీగా జీతం కోత పడుతుంది, ఎందుకంటే ఆ ఉద్యోగాల్లో ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకి గంటకి వచ్చే డబ్బు కూడా ఎక్కువ. గంటలు సగమైతే జీతం సగం అవదు, సగం కన్నా బాగా కిందకి పోతుంది.

మరి దీనికి మందు? గోల్డిన్, ఆ ఇద్దరిలో ఒకరైన లారెన్స్ కట్జ్ కలిసి అమెరికాలో ఫార్మసిస్టుల ఉద్యోగాన్ని తీసుకుని చూపించారు. ఒకప్పుడు ఎవరి షాపు వాళ్లదే, ఓనర్ రోజంతా ఉండాలి, మగవాళ్లే ఎక్కువ. తర్వాత పెద్ద చెయిన్లు, ఆసుపత్రులు వచ్చాయి, పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి, మందులు ఒకే రకం ప్రమాణాలతో వచ్చాయి, దాంతో ఒక ఫార్మసిస్ట్ స్థానంలో ఇంకొకరు ఇబ్బంది లేకుండా నిలబడగలిగారు. పార్ట్‌టైం చేసినా గంటకి దాదాపు అదే రేటు. ఇప్పుడు అక్కడ ఫార్మసిస్టుల్లో సగం కన్నా ఎక్కువ ఆడవాళ్లు, జీతాల తేడా మిగతా పెద్ద ఉద్యోగాలకన్నా చాలా తక్కువ. ఇది ఆడవాళ్ల కోసం ఎవరో స్కీం పెట్టి చేసింది కాదు, పని ఒక మనిషి బుర్రలో ఉండిపోకుండా రికార్డులోకి రావడం వల్ల జరిగింది. నాకు ఇది చదివాక మా ఆన్-కాల్ పద్ధతి, అంటే సిస్టం పాడైతే ఏ టైంలోనైనా ఫోన్‌కి పలకాల్సిన డ్యూటీ, వేరేలా కనపడింది. ఒక్కడికే తెలిసిన సిస్టం ఉంటే వాడు రాత్రీ పగలూ దొరకాలి, దొరికేవాడే హీరో, దొరకలేనామె వెనకబడ్డట్టు. అదే ఇద్దరు ముగ్గురికి తెలిసేలా రాసిపెట్టి, షిఫ్ట్ మారేటప్పుడు సరిగ్గా హ్యాండోవర్ ఇస్తే సాయంత్రం టైంకి వెళ్లిపోయే తల్లికీ, తండ్రికీ, ముసలి అమ్మానాన్నల్ని చూసుకునేవాళ్లకీ ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఇది కుదరదు అనేవాళ్లకి నేను స్టెఫనీ షర్లీ గురించి చెప్తుంటా. 1962లో ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది, చేతిలో పెట్టుబడి 6 పౌండ్లు, పిల్లలు పుట్టాక ఉద్యోగం వదలాల్సి వచ్చిన ప్రోగ్రామర్లని వెతికి తీసుకుని ఇంటి నుంచే పని ఇచ్చింది. ఇంటర్నెట్ లేదు, ల్యాప్‌టాప్ లేదు, ఫోను, పోస్టు, కాగితం పెన్సిల్ మీద కోడ్. బిజినెస్ లెటర్లకి జవాబు రాకపోతుంటే "స్టీవ్" అని మగ పేరుతో సంతకం పెట్టడం మొదలుపెట్టింది, అప్పుడు పిలుపులు వచ్చాయి. మొదటి 300 మంది స్టాఫ్‌లో 297 మంది ఆడవాళ్లే. కాంకార్డ్ విమానం బ్లాక్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ఇలా ఇళ్లల్లో కూర్చున్నవాళ్లే రాశారు. 1975లో అక్కడ లింగ వివక్ష నిషేధ చట్టం వచ్చాక ఆ కంపెనీ మగవాళ్లని కూడా తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత కంపెనీలో వాటా స్టాఫ్‌కి పంచింది, వాళ్లలో 70 మంది మిలియనీర్లయ్యారు. ఆ రోజుల్లో ఆ పరికరాలతో అయిందంటే ఇప్పుడు కుదరకపోవడం ఏముంది చెప్పండి.

పనిలో వాడే వస్తువుల సంగతి కూడా ఒక్క మాట. 2019 మార్చిలో నాసా మొదటిసారి ఇద్దరు ఆడవాళ్లతో స్పేస్‌వాక్ అని ప్రకటించి, మీడియం సైజు సూట్ పైభాగం రెడీగా ఒక్కటే ఉందని మనిషిని మార్చాల్సి వచ్చింది, చివరికి అక్టోబర్ 18న క్రిస్టినా కోచ్, జెస్సికా మెయిర్ కలిసి వెళ్లారు. అంత దూరం వెళ్లక్కర్లేదు, సైట్‌లో వదులు హెల్మెట్లు, పొడుగు గ్లోవ్స్, నడుం దగ్గర నిలవని సేఫ్టీ బెల్టులతో పనిచేసే ఆడవాళ్లని అడగండి. సైజు లేకపోతే అది అసౌకర్యం కాదు, ప్రమాదం.

వేధింపుల విషయంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ కన్వెన్షన్, అంటే దేశాలు ఒప్పుకుని పాటించాల్సిన ఒప్పందం, తెచ్చింది, ఆఫీసు గోడల మధ్యే కాకుండా పని మీద వెళ్లే ప్రయాణం, ఫోన్ మెసేజ్‌లు, కంపెనీ ఇచ్చిన వసతి, ఇవన్నీ అందులోకి వస్తాయి. నేను చూసేది ఒకటే, ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్తుంది, వెళ్లాక ఆమె ప్రాజెక్ట్ మారుస్తున్నారా అతని ప్రాజెక్ట్ మారుస్తున్నారా. ఆమెనే కదిలిస్తే తర్వాత ఎవరూ నోరు తెరవరు.

ఇక ప్రమోషన్లు డిసైడ్ అయ్యే గది. ఆ గదిలో మనం ఉండం. మన గురించి మాట్లాడేవాళ్లు ఉండాలి. మెంటార్లు దొరుకుతారు, సలహాలు ఇస్తారు, కానీ "ఈ క్లయింట్‌ని తనకి ఇవ్వండి, బాధ్యత నాది" అని తన పరపతి పెట్టి మాట్లాడేవాళ్లు వేరు. "ఆమెకి చిన్న పిల్లలు కదా, ట్రావెల్ కష్టం" అని ఆమెని అడగకుండానే ఆమె తరఫున నిర్ణయించేసేవాళ్లు దయతోనే అంటారు, ఆ దయ వల్ల పోయిన అవకాశాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. అడగండి ముందు. కష్టమో కాదో ఆమే చెప్తుంది.

మా దగ్గర ఈసారి ప్రమోషన్ చర్చకి ముందు రెండు కొత్త రూల్స్ ఒప్పించాం, ప్రతి పేరు పక్కన ఆ ఏడాది వాళ్లకి ఏ ప్రాజెక్టులు ఇచ్చారో రాయాలి, "ఇంకా రెడీ కాదు" అనేవాళ్లు ఏ పని చేసి చూపిస్తే రెడీ అంటారో కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇచ్చారు. శాలరీ రేంజ్‌లు అందరికీ కనపడేలా పెట్టమని కూడా అడిగాం, హెచ్ఆర్ వాళ్లు వచ్చే క్వార్టర్ చూద్దాం అన్నారు, ఆ మెయిల్‌కి సంతకం పెట్టినవాళ్లలో ఈసారి మగవాళ్లు కూడా సగం మంది ఉన్నారు.